ఎఱ్ఱగీతకు ప్రమాణమేది? — స్టేటస్ బారునందలి భాషానామమును గూర్చి ఒక విమర్శ

ఒక పదము సాధువా, అసాధువా యను ప్రశ్నకు, అది యే భాషలోని పదమో తేలిన పిమ్మటగాని సమాధానము చెప్పుటకు వీలులేదు. ‘విద్యా’ యను రూపమును చూడుడు. సంస్కృతమున నిది ప్రథమైకవచనము, నిర్దుష్టము. ఆ పదమే తెలుగున తత్సమమై ‘విద్య’ యని హ్రస్వాంతమగును. తెలుగువాక్యమున కర్తృపదముగ ‘విద్యా’ యని వ్రాసిన విద్యార్థిని మనము దిద్దుదుము. సంస్కృతవాక్యమున ‘విద్య’ యని వ్రాసినవానిని గూడ దిద్దుదుము. లిపి యొకటే, అక్షరము లవియే, తీర్పు మాత్రము తారుమారైనది. తీర్పును మార్చినది భాష.

మన వైయాకరణులు ఈ సంగతిని మఱవలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని మొదటనే వేఱుపఱచినది. ఏ భాషను గూర్చి పలుకుచున్నదో చెప్పిన తరువాతనే ఆ గ్రంథము విధినిషేధములకు దిగినది. భాషానిర్దేశము లేని సాధుత్వవిచారము మన శాస్త్రమర్యాదకు సమ్మతము గాదు.

నేడు పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసములను కంప్యూటరుపై వ్రాయుచున్నారు. వ్రాయుచుండగనే కొన్ని పదములక్రింద ఎఱ్ఱని అలలగీత యొకటి పడును. 1995 నాటి మైక్రోసాఫ్ట్ వర్డ్ కూర్పు ఈ గీతను లోకమునకు బాగుగ పరిచయము చేసినది. ఆ పిమ్మట నది దాదాపు ప్రతి ఎడిటరునందును ప్రవేశించినది. గీత పడినది గనుక పదము తప్పు. పడలేదు గనుక ఒప్పు — ఇది మన విద్యార్థులలో స్థిరపడుచున్న నమ్మకము. కాని యీ తీర్పు ఏ భాషను బట్టి వెలువడినది? ఎడిటరు అడుగుభాగమున ‘స్టేటస్ బారు’ అను సన్నని పట్టీ యుండును. పుటసంఖ్య, పదసంఖ్య మొదలగునవి యందు కనబడును. స్పెల్ చెకరు ఏ భాషను పట్టి పదములను పరీక్షించుచున్నదో తెలుపు నామమును గూడ కొన్ని ఎడిటర్లు అందే చూపును, కొన్ని చూపవు. ఈ చిన్ననామము అలంకారమాత్రము గాదనియు, అది ప్రమాణనిర్దేశమనియు, అది లేనిచోట మన పరిశోధనకు నిజమైన హాని కలుగుననియు నిరూపించుటయే ఈ వ్యాసముద్దేశము.

మొదట స్పెల్ చెకరు పనిచేయు తీరును సంగ్రహముగ చెప్పుదుము. లిబ్రెఆఫీస్ మొదలగు పెక్కు సాధనములలో ‘హన్‌స్పెల్’ అను పరీక్షకయంత్రాంగము వాడబడుచున్నది. దీనిని రూపొందించినవారు హంగేరీ దేశీయుడగు లాస్లో నేమెత్. హంగేరియను భాషయు తెలుగువలె ప్రత్యయములను వరుసగ చేర్చుకొను భాషయే. ఇందు ప్రతి భాషకును రెండు ఫైళ్లు ఏర్పఱుపబడినవి. ఒకటి మూలపదముల పట్టిక; రెండవది ఆ పదములకు ఏ ప్రత్యయములు ఎట్లు చేరునో చెప్పు నియమావళి. లిబ్రెఆఫీస్‌తో వచ్చు తెలుగు ఫైళ్లకు ‘టి.ఇ., ఐ.ఎన్.’ అను సంకేతము పేరుగ నుండును. అనగా భారతదేశపు తెలుగు. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. యంత్రము పదమును చూచి భాషను తెలిసికొనదు. ఆ భాగమునకు ఏ భాషానామము తగిలింపబడి యున్నదో, ఆ భాష ఫైళ్లను తెఱచి వెదకును. నామము తప్పైనచో తీర్పంతయు తప్పగును. కావున ఆ నామమును వ్రాయువానికి కనబఱచుట మొదటి ధర్మము.

ఈ ధర్మమును ఎడిటర్లు పాటించిన తీరు ఒకవిధముగ లేదు. లిబ్రెఆఫీస్ రైటరునందు కర్సరు నిలిచిన చోటి భాష స్టేటస్ బారుపై కనబడును. దానిపై నొక్కి మార్చుకొనను వచ్చును. ఇది ప్రశంసనీయము. మైక్రోసాఫ్ట్ వర్డ్ నందును ఆ యేర్పాటు కలదు. చూపుట, మానుట వ్రాయువాని యిష్టమునకు విడువబడినది. కేట్ అను ఎడిటరు వాడుకలోనున్న పదకోశము పేరును అడుగుపట్టీపై చూపును. ఈమాక్స్ పాతకూర్పుల మార్గము వేఱు. అందు వ్రాయుచుండగా పరీక్షించు విధానమును మేల్కొల్పినపుడు సామాన్యముగ ‘ఫ్లై’ యను గుర్తు మాత్రము పడెడిది; పరీక్ష జరుగుచున్నదని తెలిసెడిది గాని, ఏ భాషలో జరుగుచున్నదో ఆ గుర్తు చెప్పెడిది కాదు. న్యాయాధిపతి కొలువుదీరినాడని చెప్పి, ఏ శాసనము ననుసరించి తీర్పు చెప్పునో దాచినట్లుండెడిది. విమ్ ఎడిటరునకు 2006లో వచ్చిన 7వ కూర్పుతో స్పెల్ చెకరు అమరినది. భాషానామమును పట్టీపై చూడగోరువాడు దానిని స్వయముగ అమర్చుకొనవలయును. విజువల్ స్టూడియో కోడ్ పట్టీపై ‘భాష’ కనబడును గాని, అది ప్రోగ్రామును వ్రాయు భాష, మానవభాష గాదు. క్రొత్తవాడు దానిని చూచి భ్రమపడుట సహజము.

ఇక ఈ విషయమును ఒక ఊరిపేరుతో పరీక్షింతము. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, రామచంద్రాపురములకు చేరువను పటేల్‌గూడ యను ఊరు కలదు. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, పటాన్‌చెరున 1972లో స్థాపితమైన ఇక్రిశాట్, చుట్టును వెలసిన మందుల కర్మాగారములు, యంత్రముల కర్మాగారములు — వీని నడుమ తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లములు ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే కాగితముపై కనబడును. ఊరిపేరే భాషల కలయికకు సాక్ష్యము. ‘పటేల్’ హైదరాబాదు సంస్థానమున గ్రామాధికారిని తెలిపిన మాట. ‘గూడ’ బీరంగూడ మొదలగు ఈ ప్రాంతపు ఊళ్ల పేళ్లలో వచ్చు ఉత్తరపదము.

ఈ పేరును తెలుగున ఎన్నివిధముల వ్రాయవచ్చునో చూతము. మొదటిది ‘పటేల్‌గూడ’. ఇందు లకారపొల్లునకును గకారమునకును నడుమ కంటికి కనబడని గుర్తొకటి కలదు. యూనికోడునందు దానికి ప్రత్యేకసంఖ్య కలదు. రెండక్షరములు సంయుక్తము గాకుండ నిలుపుట దాని పని. ఆ గుర్తును విడిచినచో గకారము ఒత్తుగ మాఱి ‘పటేల్గూడ’ యగును. ఉచ్చారణము రెంటను నొకటే. యంత్రమునకు మాత్ర మవి వేర్వేరు అక్షరశ్రేణులు. పట్టికయందు ఒక రూపమే యుండి, ఆ గుర్తును లెక్కింపకుండ విడుచు నేర్పాటు లేనిచో, రెండవ రూపముక్రింద గీత పడును. మూడవది ‘పటేలుగూడ’. తెలుగుపదము అజంతమై యుండవలెనను సంప్రదాయమును పాటించువారికి నిదియే యుక్తము. నాలుగవది విడదీసి ‘పటేల్ గూడ’ యని వ్రాయుట. ఇందు ‘గూడ’ యనునది ‘సైతము’ అను నర్థముగల అవ్యయముగ పరిగణింపబడి, పట్టికలో రెండు మాటలును ఉన్నచో గీత పడదు. ఊరు పోయి ‘పటేల్ సైతము’ మిగులును! యంత్ర మొప్పుకొన్న రూపమే అర్థమును చెఱచినది.

ఈ నాల్గింటిలో నేది సాధువు? గ్రాంథికమర్యాద నొకటి, వ్యవహారము నొకటి, ప్రభుత్వపత్రముల వాడుక నొకటి సమర్థింపవచ్చును. స్టేటస్ బారుపై ‘తెలుగు’ అని మాత్రముండిన, ఏ తెలుగో తెలియదు. అయినను ఆ మాత్రము తెలిసిన మేలు: తీర్పు తెలుగు పట్టికనుండి వచ్చినదని యెఱిగి, ఆ పట్టికను ప్రశ్నింపవచ్చును. అదియు లేనిచో ప్రశ్నింపదగినది యేదియో గూడ తెలియదు.

పటాన్‌చెరువు విషయమున నీ సంగతి మఱింత స్పష్టము. శాసనములలోని పొట్టలకెరె యీ పటాన్‌చెరువే యని చరిత్రకారులు గుర్తించిరి. ‘కెరె’ కన్నడము, దానికి తెలుగు ‘చెరువు’. చరిత్రవ్యాసమున ఆ కన్నడశాసనమును తెలుగులిపిలో ఉదాహరించిన విద్యార్థి, ఆ భాగమునకు తెలుగునామమునే ఉంచినచో, పంక్తి పంక్తికి ఎఱ్ఱగీతలు పడును. అవి శాసనకవి తప్పులు గావు, లేఖకుని తప్పులును గావు, భాషానిర్దేశమునందలి తప్పు. తెలుగులిపిలో అచ్చగు సంస్కృతశ్లోకములకును, తెలుగులిపిలో వ్రాయబడు గోండి, లంబాడి పాటలకును ఇదియే గతి. లిపి భాషను నిర్ణయింపదు. కావున అక్షరములను చూచి యంత్రమే భాషను గుర్తించునులే యని ధైర్యము పట్టుట తగదు.

ఎఱ్ఱగీత చేయు అపచారముకంటె దాని మౌనము చేయు అపచారము పెద్దది. లిబ్రెఆఫీస్ భాషలను మూడు వర్గములుగ విభజించును: పాశ్చాత్యములు, ఆసియాభాషలు, సంకీర్ణలిపి గలవి. తెలుగు మూడవ వర్గములోనిది. ఆ వర్గమునకు ముందుగ హిందీ యెన్నుకొనబడి యున్నచో, మనము వ్రాసిన తెలుగునకంతకును హిందీనామమే తగులును. అపుడు రెండు గతులు కలవు. హిందీ పదకోశము కంప్యూటరునందున్న, తెలుగుపదములన్నియు తప్పులుగ కనబడును. వ్రాయువాడు విసిగి పరీక్షనే మానును. హిందీ పదకోశము లేకున్న, ఒక్క పదముక్రిందను గీత పడదు. పరీక్షించుటకు పట్టికయే లేదు గనుక యంత్రము మౌనము వహించినది. విద్యార్థి మాత్రము తన వ్యాసము నిర్దుష్టమని సంతసించును. పరీక్ష జరుగకపోవుటకును, పరీక్షలో నెగ్గుటకును పుటపై భేదము కానరాదు. ఆ భేదమును చెప్పగలది అడుగుపట్టీపైనున్న భాషానామ మొక్కటే. లిబ్రెఆఫీస్ భాషల జాబితాలో పదకోశముగల భాషలకు ప్రత్యేకచిహ్న ముండును. ఆ చిహ్నమును స్టేటస్ బారుపై గూడ నిలిపియుండిన ఈ భ్రమ చాలవఱకు తొలగెడిది.

ఇందు మఱియొక సంకరము కలదు. కంప్యూటరునందు ‘భాష’ యను మాట నాలుగర్థముల వాడబడుచున్నది: ఆజ్ఞలు, మెనూలు కనబడు భాష, కీబోర్డు భాష, లిపి, పదపరీక్షాభాష. విండోస్ తెరకు అడుగున కుడివైపున కనబడు నామము కీబోర్డుకు సంబంధించినది. ఎడిటరు పట్టీపై కనబడునది పదపరీక్షకు సంబంధించినది. కొన్ని సాధనములలో కీబోర్డు మార్చిన పరీక్షాభాషయు మాఱును. అన్నిటను అట్లు గాదు. వేఱొకచోటినుండి తెచ్చి అతికించిన భాగము తన పాతనామముతోనే రావచ్చును. తెరపై రెండు నామము లుండగా, ఒకదానిని చూచి రెండవదానిని ఊహించుట ప్రమాదకరము.

మన ముద్రణాలయముల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. యూనికోడు తొలికూర్పునందే (1991) తెలుగున కొక స్థానమేర్పడినను, చిరకాలము మన అచ్చుపని పేజ్‌మేకరునందు అనూ మొదలగు ఫాంట్లతో సాగినది. ఆ పద్ధతిలో రోమనక్షరముల స్థానములలో తెలుగక్షరముల బొమ్మలు కూర్చుండును. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని రోమనక్షరశ్రేణి. అట్టి ఫైలునకు ఏ భాషానామము తగిలించినను తెలుగుపరీక్ష జరుగదు. వెనుకటి సంచికలను, పాత సిద్ధాంతవ్యాసములను యూనికోడులోనికి మార్చు పని చేపట్టినవారు, మార్చిన పిదప భాషానామమును గూడ సరిచూడవలయును. అక్షరములు తెలుగైనంతనే భాగమునకు తెలుగునామము తగులునని నమ్మరాదు.

ఇపుడు మా వాదమునకు కీలకమైన అంశమునకు వచ్చెదము. జానపదసాహిత్యమును, మాండలికమును పరిశోధించు విద్యార్థి యొకడు పటేల్‌గూడ ప్రాంతమున వృద్ధుల మాటలను సేకరించి యథాతథముగ వ్రాయుచున్నాడనుకొందము. ‘గిట్ల’, ‘గట్ల’, ‘ఏడికి’, ‘జెర’ మొదలగు రూపములు వచ్చును. పదపట్టిక శిష్టవ్యవహారము ననుసరించి కూర్చినదైనచో ఇవి యన్నియు ఎఱ్ఱబడును. మౌస్ కుడిబటను నొక్కినంతనే యంత్రము ప్రత్యామ్నాయములను చూపును. ‘గిట్ల’ స్థానమున ‘ఇట్లు’ వచ్చి కూర్చుండవచ్చును. ఒక్కొక్క నొక్కుతో ఒక్కొక్క సాక్ష్యము నశించును. తుదకు పుటపై మిగులునది ఆ వృద్ధురాలి భాష గాదు. పట్టికను కూర్చినవారి భాష. ఏ రూపము ఏ ప్రాంతమున వినబడినదని విచారించుటయే భాషాపరిశోధనము గదా! ఆధారమునే దిద్దిన పిమ్మట సిద్ధాంతమేమి నిలుచును?

గ్రాంథికవ్యావహారికవాదము మనకు నేర్పిన పాఠమిదియే. గిడుగు రామమూర్తి (1863–1940) ప్రశ్నించినది ప్రమాణమెవ్వరిది యని. జయంతి రామయ్య ప్రభృతులు సమర్థించినదియు నొక ప్రమాణమునే. ఉభయులును తమ ప్రమాణమును చాటి వాదించిరి. పదపట్టికయందును నొక పక్షము దాగియున్నది, అది చాటుకొనదు. మౌనముగ గీత గీయును. నూఱేండ్ల వాదమును ఒక ఎఱ్ఱగీత మనకు తెలియకుండనే తేల్చివేయుట తగునా?

ఇతరభాషలవారు ఈ చిక్కును కొంత పరిష్కరించుకొనిరి. జర్మనుభాష వర్ణక్రమము 1996లో సంస్కరింపబడినది. భాషాసంకేతములలో 1901 నాటి పద్ధతికిని, 1996 నాటి పద్ధతికిని వేర్వేరు ఉపనామములు గలవు. కావున ఒక జర్మను ఫైలు ఏ కాలపు వర్ణక్రమమును పాటించునో నామముచేతనే చెప్పవచ్చును. విమ్ ఎడిటరునందు మఱియొక సూక్ష్మభేదము కలదు. తప్పుపదమునకు ఒక గుర్తు, ఆ భాషలోనే వేఱుప్రాంతమున చెల్లు పదమునకు వేఱొక గుర్తు. ‘తప్పు’ అనుటకును, ‘ఇచటిది గాదు’ అనుటకును గల భేదమును ఆ యంత్రము పాటించినది. తెలుగున నిట్టి భేదము మిక్కిలి యావశ్యకము. తెలంగాణరూపమును రాయలసీమవాని పుటపై తప్పని గాక, ప్రాంతాంతరరూపమని గుర్తించు చెకరు మన భాషకు న్యాయము చేయును.

ఇందుకు మూడు పూర్వపక్షములు రావచ్చును. మొదటిది: వ్రాయువాడు తాను వ్రాయు భాష నెఱుగడా? ఎఱుగును, కాని యంత్ర మే భాష ననుకొనుచున్నదో యెఱుగడు. స్టేటస్ బారు చెప్పవలసినది వాని భాష గాదు, యంత్రము తలంపు. రెండవది: అనేకభాషల కోశముల నొకేసారి మేల్కొల్పిన చాలదా? ఫైర్‌ఫాక్స్ 100వ కూర్పు (2022) అట్టి వీలు కల్పించినది. విమ్ నందును కలదు. కాని, ఏ యొక్క భాషయందైనను పదము దొరికినంతనే యంత్రము సమ్మతించినచో, తెలుగు, సంస్కృతములు రెండును మేల్కొన్న పుటపై తెలుగువాక్యములోని ‘విద్యా’ గీత తప్పించుకొనును. సాక్షులు పెరిగిన కొలది తీర్పు సడలినది. అట్టి యెడ పట్టీపై భాషలన్నిటి పేళ్లును ఉండవలయును. మూడవది: పట్టీ యిఱుకు, చోటు చాలదు. పుటసంఖ్యకు, అక్షరసంఖ్యకు చోటున్నది గదా! పదసంఖ్యకంటె పదసాధుత్వము తక్కువదా?

పాఠపరిష్కర్తలకు ఇది క్రొత్త విషయము గాదు. ప్రాచీనకావ్యమును పరిష్కరించువారు పీఠికయందు తాము చూచిన వ్రాతప్రతులకు గుర్తులేర్పఱచి, పుటయడుగున ఏ పాఠ మే ప్రతిలోనిదో ఆ గుర్తుతో చూపుదురు. పుటయడుగున నున్న ఆ చిన్నయక్షరము లేనిచో పాఠాంతరము నమ్మదగినది గాదు. స్టేటస్ బారునందలి భాషానామమును ఆ గుర్తువంటిదే: ఇదియు పుటయడుగుననే యుండి, పైనున్న తీర్పునకు ఆధారమును చెప్పును.

కావున పరిశోధక విద్యార్థులకు మేము సూచించునవి కొన్ని. వ్రాయుట మొదలిడకముందే స్టేటస్ బారుపై భాషానామమును కనబడునట్లు చేసికొనవలయును. ఆ భాషకు పదకోశమున్నదో లేదో తెలిసికొనుటకు, తెలిసితెలిసి ఒక తప్పుపదమును వ్రాసి గీత పడునేమో చూడవలయును. పడనిచో పరీక్ష జరుగుట లేదని గ్రహింపవలయును. శ్లోకమునకు సంస్కృతనామమును, శాసనమునకు దాని భాషానామమును వేఱుగ తగిలింపవలయును. సేకరించిన జనవ్యవహారమును ‘ఏ భాషయు లేదు, పరీక్షింపవద్దు’ అను గుర్తుక్రింద నుంచవలయును. లిబ్రెఆఫీస్, వర్డ్ రెంటను నట్టి వీలున్నది. అది భాషకు అగౌరవము గాదు. సాక్షి మాటను దిద్దమని చేయు ప్రతిజ్ఞ. సిద్ధాంతవ్యాసపు పీఠికలో ఏ చెకరు, ఏ పదకోశము వాడబడినదో ఒక వాక్యమున చెప్పుటయు మంచిది.

తెలుగు శాఖలకును నొక కర్తవ్యము కలదు. పదపట్టికలను కూర్చు పని ఇంజినీర్లకే విడువదగినది గాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున గారపాటి ఉమామహేశ్వరరావుగారు మొదలగు భాషాశాస్త్రజ్ఞులు తెలుగు పదనిర్మాణ విశ్లేషకమునకై చేసిన కృషి, ఇది భాషావేత్తల పనియే యని నిరూపించినది. ప్రత్యయములు, సంధులు పెనగొను మన భాషకు వట్టి పట్టిక చాలదు, వ్యాకరణజ్ఞానము కావలయును. ఆ జ్ఞానము మన శాఖలయందున్నది.

పటేల్‌గూడ పేరు నాలుగువిధముల వ్రాయబడినను ఊరు చెడలేదు. ఏ రూపమును గ్రహించితిమో, ఏ ప్రమాణముచే గ్రహించితిమో చెప్పినంతకాలము భాషయు చెడదు. చెప్పకుండ దిద్దుటయే చేటు. ఎఱ్ఱగీతను చూచినపుడెల్ల చూపును ఒకసారి పుటయడుగునకు దింపి, ‘ఏ భాషను బట్టి?’ అని ప్రశ్నించు అలవాటు మన విద్యార్థులకు కలిగినచో ఈ వ్యాసము సఫలమైనదని భావింతుము. విజ్ఞులు పరిశీలింతురుగాక.